మెట్ల కింద ఐరిస్ దుంపలు

ఆదివారం ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం ఈత టీచరు టీకి వచ్చేలోపల గేటు పక్కన బోడిగా పడి ఉన్న మడిలో ఏదో ఒకటి నాటెయ్యాలి. ఇంటికి మొదటిసారి వచ్చే మనిషికి ముందుగా కనిపించేది ఆ మడే. ప్రస్తుతం అందులో ఉన్నవి పిల్లి తవ్విన గొయ్యి, విరిగిన పూలకుండీ పెంకులు.

వస్తున్నది మామూలు అతిథి కాదు, మామగారు పెళ్ళి చేసుకోబోతున్న మనిషి. ఆయన జీవితమంతా కట్టుడు పళ్ళు తయారుచేసి రిటైరయ్యాడు. ఆవిడ జీవితమంతా పిల్లలకి ఈత నేర్పి రిటైరైంది. పై పళ్ళ సెట్టు వదులైందని ఆవిడ ఆయన దగ్గరికి రావడంతో పరిచయం మొదలైంది. సెట్టు ఎప్పుడో సరిగ్గా కూర్చుంది గానీ రాకపోకలు ఆగలేదు. అత్తగారు పోయి రెండేళ్ళు దాటింది కాబట్టి కొడుకు సరేనన్నాడు, కోడలు సరేనంది. కూతురు మాత్రం, "అమ్మ ఉంటే ఒప్పుకునేదా?" అని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. అమ్మ ఉంటే ఆ ప్రశ్నే రాదు కదా అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నాటడానికి ఏముందా అని ఆలోచిస్తుంటే కోడలికి మెట్ల కింద ఉన్న చిన్న కొట్టు గుర్తొచ్చింది. అత్తగారు బతికుండగా నీళ్ళ గొట్టం వెయ్యడానికి ఆ మడి తవ్వాల్సొచ్చింది. అందులోని ఐరిస్ పూలమొక్కలన్నీ ఆవిడే పీకి, ఆకులు కత్తిరించి, దుంపలు ఆరబెట్టి, గుడ్డసంచీలో కట్టి కొట్టులో మేకుకి తగిలించింది. "గొట్టం పని కాగానే మళ్ళీ నాటుతాను," అంది. గొట్టం పని అయ్యేసరికి ఆవిడ మంచం పట్టింది. తర్వాత ఆ సంచీ జోలికి ఎవరూ పోలేదు.

కోడలు కొట్టు తలుపు తీసింది. లోపలి చీకట్లో సంచీ మేకు మీద నెమ్మదిగా ఊగుతోంది. గాలి లేదు. తలుపు లాగిన ఊపుకే అయి ఉంటుందనుకుని దాన్ని దించి, వంటింటి బల్ల మీద కుమ్మరించింది.

ఒక్క క్షణం చెయ్యి వెనక్కి తీసుకుంది. దుంపలంటే దుంపల్లా లేవవి. ముసలి చేతివేళ్ళని కణుపుల దగ్గర విరిచి పోగుపెట్టినట్టున్నాయి. కొన్నింటికి ఎండిన వేళ్ళు వెంట్రుకల్లా వేలాడుతున్నాయి. సంచీ అడుగున ఉన్నవి మరీ పాతవి. తెల్లగా, సుద్దముక్కల్లా గట్టిపడిపోయాయి. ముట్టుకుంటే పొడి రాలుతోంది. సంచీని తిరగేసి దులిపేసరికి మెత్తటి దుమ్ము లేచి ఆమె ఏప్రాన్ నిండా పరుచుకుంది.

దానికి వాసన ఉందో లేదో ఆమెకి తెలియదు. వారం రోజులుగా జలుబు. ముక్కులు రెండూ సిమెంటు పెట్టి పూడ్చినట్టున్నాయి. చెవులు దిబ్బళ్ళు వేశాయి. గొంతు బొంగురుపోయి ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది.

ఒక్కో దుంపనీ బొటనవేలితో నొక్కి చూసింది. లొట్టపోయినవి ఒక పక్కకి, ఇంకా గట్టిగా ఉన్నవి ఒక పక్కకి పెట్టింది. ఎండిన వేళ్ళు కత్తిరించింది. గట్టివాటిని గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో వేసి, నీళ్ళు చల్లారకుండా బాత్రూములో హీటరు పక్కన పెట్టింది. ఇంతకాలం ఎండిన దుంపలకి నాటేముందు కాసేపు నీళ్ళు తాగించాలి. ప్రాణం ఉన్నది ఉబ్బుతుంది, లేనిది మెత్తబడుతుంది. లొట్టవాటిని బయట పారేద్దామని మాసిన గిన్నెలో వేసి, పొయ్యి పక్కన పెట్టి మర్చిపోయింది.

ఇంట్లో ఉన్న వెచ్చదనం మెల్లగా తన పని తాను చేసుకుపోయింది.

మొదట పసిగట్టింది మామగారు. గడ్డం గీసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని మెట్లు దిగుతున్నవాడు సగంలో ఆగిపోయాడు. రెయిలింగు పట్టుకుని గాలి లోపలికి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు.

"అమ్మాయ్," అన్నాడు చాలా నెమ్మదిగా, "మీ అత్తయ్య పౌడరు వాసన వస్తోంది."

"నాకేం రావట్లేదు మామయ్యా."

"వస్తోంది. ఆవిడ బయటికెళ్ళేముందు రాసుకునేదే అది. ఇదిగో, ఇక్కడ నిలబడు."

కోడలు మెట్టెక్కి నిలబడింది. ఎంత పీల్చినా ముక్కులోంచి ఈల తప్ప ఏమీ రాలేదు. ఈలోగా పేపరు పట్టుకుని కొడుకు వచ్చాడు. అతని ఉద్యోగం నీళ్ళ మీటర్లు చూడటం. ఊళ్ళో ఉన్న ప్రతి నేలమాళిగలోకీ ఒంటరిగా దిగే మనిషి. అలాంటివాడు మెట్ల మొదట్లోనే ఆగి పేపరు గుండెలకి హత్తుకున్నాడు.

"అమ్మ," అన్నాడు.

"నాకు తెలియట్లేదండీ," అంది భార్య.

తండ్రీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామగారు జాలిగా గొంతు తగ్గించి, "పోనీలే అమ్మాయ్. ఆవిడకి నీతో చనువు తక్కువేగా. మెల్లగా నీకూ తెలుస్తుందిలే," అన్నాడు.

ఆ మాట కోడలికి ఎక్కడో గుచ్చుకుంది. అత్తగారు మంచం పట్టిన ఆ నెలలన్నీ ఒళ్ళు తుడిచింది, జడ వేసింది, ముద్దలు తినిపించింది తనే. బాగుందనిగానీ బాగాలేదనిగానీ ఆవిడ ఒక్క మాట అనలేదు. పోనీ చచ్చిపోయి తిరిగొచ్చినప్పుడైనా పలకరించకూడదా. ఇల్లంతా వచ్చి, ఒక్క తన ముక్కు దగ్గరికి మాత్రం రాకుండా పోయిందంటే ఇంకేమనుకోవాలి.

మామగారు పైకి వెళ్ళి కొత్త చొక్కా విప్పేశాడు. దిగొచ్చేటప్పుడు ఆయన ఒంటి మీద పోయినావిడ అల్లిన పాత స్వెట్టరుంది. మోచేతుల దగ్గర చిల్లులు. కొడుకు వరండాలోకి వెళ్ళి అక్కకి ఫోను చేశాడు.

అక్కకి పక్క వీధిలోనే బేకరీ ఉంది. చేతులకి పిండితోనే వచ్చేసింది. గుమ్మంలో అడుగుపెట్టగానే వాసన తగిలి తలుపు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ మొహంలో మాత్రం గెలిచిన కళ ఉంది.

"నేను చెప్తూనే ఉన్నాను నాన్నా. అమ్మకి ఇష్టం లేదు. మీరు ఆవిణ్ణి టీకి పిలిచిన రోజే వచ్చింది, చూశారా."

కూతురి పట్టుదలకి ఒక కారణం ఉంది. తల్లి చివరి రోజుల్లో ఆవిడ పచ్చరాయి ఉంగరం కనిపించకుండా పోయింది. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చింది కూతురొక్కతే. తల్లి ఏమీ అడగలేదు, అలా చూసింది, అంతే. కూతురు ఆ చూపు పట్టుకుని వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. వచ్చేసరికి తల్లి లేదు. అప్పట్నుంచీ అమ్మ తరఫున పోట్లాడటానికి ఆమెకి ఏ విషయం దొరికినా వదిలేది కాదు.

ఇప్పుడామె ముక్కు ఎగబీలుస్తూ గదులన్నీ తిరిగింది. హాల్లో వాసన కొంచెమే ఉంది. వంటింట్లో ఎక్కువగా ఉంది. కోడలు వంటింట్లోంచి హాల్లోకి రాగానే హాల్లో ఎక్కువైంది. వెనక వరండాలోకి వెళ్తే వాసన కూడా వరండాలోకి వెళ్ళింది. ఆమె తోటలోకి దిగి మళ్ళీ హాల్లోకొస్తే, ముగ్గురూ వాసన వెంటే తోట తొక్కుకుంటూ తిరిగొచ్చారు. ఆడపడుచు మొహం తెల్లబోయింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని గొణిగింది.

"అమ్మ దీని వెనకే తిరుగుతోందిరా."

కోడలు చప్పున వెనక్కి తిరిగి చూసింది. గోడ ఉంది, గోడ మీద గడియారం ఉంది. ఇంకేమీ లేదు. అయినా మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ తర్వాత ముగ్గురూ ఆమెతో మాట్లాడటం మానేసి, ఆమె ఎడమ భుజం వెనక ఉన్న ఖాళీతో మాట్లాడటం మొదలుపెట్టారు.

"కోపమొచ్చిందా?" అని అడిగాడు మామగారు ఆ ఖాళీని. "ఒంటరిగా ఉండలేక ఒప్పుకున్నాను. నువ్వు వద్దంటే ఇప్పుడే ఫోను చేసి మానిపించేస్తాను."

"మామయ్యా, నేనిక్కడున్నాను," అంది కోడలు.

"తెలుసమ్మా. కొంచెం పక్కకి జరుగు."

కోడలికి ఒళ్ళు మండింది. నేల వైపు చూస్తే, కంగారులో తోటంతా తొక్కొచ్చిన ముగ్గురి బూట్ల బురదా తివాచీ మీద ఉంది. ఆ పూటే దులిపి పరిచిన తివాచీ. "ముందు ఆ బూట్లు గుమ్మం బయట విప్పి రండి," అంది.

ఆ మాట ఎవరైనా అనేదే. కానీ బొంగురుపోయిన గొంతులోంచి, ముక్కుతో పలికినట్టు, ఒక్కో అక్షరం విడివిడిగా వచ్చింది. అది అచ్చం పోయినావిడ గొంతు. మాట కూడా రోజూ ఆవిడ అనేదే. మామగారు పడబోయి కుర్చీ పట్టుకున్నాడు. ముగ్గురూ బయటికెళ్ళి, బూట్లు విప్పి, వరసగా పెట్టి, మేజోళ్ళతో లోపలికొచ్చి నిలబడ్డారు.

కోడలు వాళ్ళని చూసింది. ఆ ఇంట్లో కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆమె మాట మొదటిసారికే ఎవరూ విన్నది లేదు. గొంతు సవరించుకుంది. సవరించుకున్నా అలాగే ఉంది.

"ఏవండీ, మడి తవ్వండి," అంది.

మీటర్ల మనిషి మేజోళ్ళతోనే గునపం అందుకున్నాడు.

"వదినా, ఇసుక కొంచెం తెచ్చి మట్టిలో కలపండి. నీళ్ళు నిలవకూడదు."

ఇంతకాలంలో ఆ ఇంట్లో చీపురు ముట్టని ఆడపడుచు బకెట్టు తీసుకుని వెళ్ళింది. మామగారు అడక్కుండానే పెంకులు ఏరడం మొదలుపెట్టాడు.

కోడలికి ఒక పక్క నవ్వొస్తోంది, ఇంకో పక్క వణుకు పుడుతోంది. నానిన దుంపలు తెద్దామని బాత్రూములోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. అద్దమంతా ఆవిరి పట్టింది. నీళ్ళు టీ రంగులోకి మారాయి. చెయ్యి ముంచి అడుగున తడిమింది. దుంపలు ఉబ్బి, పైపొర మెత్తబడి, గోరువెచ్చగా తగిలాయి. కణుపులు, కణుపుల మధ్య నొక్కులు. ఆ స్పర్శ ఆమె చేతికి బాగా తెలుసు. జ్వరంతో ఉన్న అత్తగారి వేళ్ళని గుడ్డతో ఒక్కొక్కటే తుడిచిన చెయ్యి అది. పట్టుకున్న దుంప తన వేళ్ళని తిరిగి పట్టుకున్నట్టు అనిపించి చటుక్కున వదిలేసింది. నీళ్ళు తొణికి, సద్దుమణిగి, ఆగిపోయాయి. వెనక ఎవరో ఓపిగ్గా నిలబడి ఉన్నట్టుంది. ఈసారి తిరిగి చూడలేదు. తొట్టి ఎత్తి చంకన పెట్టుకుని గబగబా బయటికొచ్చేసింది.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. అనుకున్న వేళకంటే ముందే ఈత టీచరు వచ్చేసింది.

పొడుగ్గా, నిటారుగా, పెద్ద భుజాలతో ఉన్న మనిషి. ఆవిడకి కనిపించిన దృశ్యం ఇది. తను పెళ్ళి చేసుకోబోయే ఆయన చిల్లుల స్వెట్టరు వేసుకుని, మట్టి మేజోళ్ళతో, చేతిలో కుండీ పెంకుతో నిలబడి ఉన్నాడు. ఆయన కొడుకు పొడుగాటి గొయ్యి పక్కన గునపంతో ఉన్నాడు. ఆయన కూతురు ఏడుస్తూ అందులో ఇసుక పోస్తోంది. కోడలు గుమ్మంలోంచి చేతివేళ్ళలాంటివి నిండిన తొట్టి మోసుకొస్తోంది.

"నేను తొందరగా వచ్చినట్టున్నాను," అంది ఈత టీచరు.

అందరూ హాల్లోకి నడిచారు. కోడలు తొట్టి దించి, తలా ఒక కప్పు టీ అందించింది. అందరూ టీచరు ముక్కు వైపే చూశారు. ఆవిడ ఏమీ పసిగట్టలేదు. ఏళ్ళ తరబడి కొలనులోని క్లోరిన్ పీల్చిన ముక్కది, ఇప్పుడు మాడిన అన్నానికీ గులాబీకీ తేడా చెప్పలేదు. చివరికి ఆడపడుచే నోరు తెరిచింది.

"మీకు చెప్పాలి. మా అమ్మ ఇక్కడే ఉంది."

టీచరు గదంతా ఒకసారి చూసింది. "కూర్చున్నారా, నిలబడ్డారా?"

"మా మరదలి వెనక నిలబడింది."

"పెద్దావిడ కదా, కూర్చోమనండి," అంటూ టీచరు తన పక్కనున్న కుర్చీ కొంచెం జరిపింది. ఎగతాళిగా అనలేదు. నీళ్ళంటే భయపడే పిల్లలకి ధైర్యం చెప్పీ చెప్పీ ఆవిడకి అలవాటైన గొంతది. ఆ మాటకి మామగారి కళ్ళు చెమర్చాయి. లేచి వచ్చి కోడలి వెనకగా, ఎడమ వైపు నిలబడ్డాడు.

"ఇక నువ్వే చెప్పు," అన్నాడు. "ఈవిడ ముందే అడుగుతున్నాను. చేసుకోమంటే చేసుకుంటాను, వద్దంటే మానేస్తాను."

మిగతా ముగ్గురూ కోడలి నోటి వైపు చూశారు. ఆమె నోరు తెరిచింది. మాట బదులు తుమ్మొచ్చింది. ఆగకుండా, ఒకదాని వెనక ఒకటిగా, తల ఊడిపోతుందేమో అన్నంత గట్టిగా తుమ్మింది. వారం రోజుల సిమెంటు ఒక్కసారిగా విరిగిపోయింది. గాలి లోపలికొచ్చింది. దాంతోపాటు వాసనా వచ్చింది.

చల్లగా, తియ్యగా, పాత పట్టుచీరల పెట్టె తెరిచినట్టు. అత్తగారి మెడ దగ్గర, జడ వేస్తున్నప్పుడు వచ్చేది. ఒక్క క్షణం ఆవిడే వచ్చిందనుకుంది. తర్వాత తల దించి ఏప్రాన్ చూసుకుంది. తెల్లటి పొడి. అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. పౌడరు కాదు, దుంపలు. ఉదయం నుంచీ ఈ ఇంట్లో తిరుగుతున్న ఆత్మ ఎవరిదో కాదు, తన ఏప్రాన్‌ది.

చెప్పేస్తే అయిపోయేది. కానీ చెప్పాక? మామగారు ఇంకో ఏడాది ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడతాడు. ఆడపడుచు ఇంకో ప్రశ్న వెతుక్కుంటుంది. ఆ కుర్చీ జరిపిన మనిషి ఇంటికి వెళ్ళిపోతుంది. ఈ గొంతుకి ఉన్న విలువ జలుబు తగ్గేదాకానే. కోడలు నిటారుగా నిలబడి, ముక్కుతో పలుకుతూ, ఒక్కో అక్షరం విడివిడిగా అంది.

"చేసుకోండి. మంచి మనిషి."

అంతలో మళ్ళీ తుమ్ములు ముంచుకొచ్చి ఏప్రాన్‌తో మొహం కప్పుకుంది. ఆ తుమ్ముల మధ్య, అదే బొంగురు గొంతుతో, కొంచెం అలిసిపోయినట్టు, ఇంకో మాట వినిపించింది.

"పిచ్చికా, ఉంగరం గుండీల డబ్బాలో పడిందే. నువ్వు తియ్యలేదు."

ఆడపడుచు చేతిలోని కప్పు కిందపడి పగిలింది. పరుగున పైకి వెళ్ళింది. కుట్టుమిషను సొరుగు లాగిన చప్పుడు, గుండీలు నేల మీద వాన పడ్డట్టు దొర్లిన చప్పుడు వినిపించాయి. కిందికి వచ్చినప్పుడు పచ్చరాయి ఉంగరం ఆమె వేలికి ఉంది, మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. తిన్నగా వెళ్ళి ఈత టీచరు పక్కన కూర్చుని, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆవిడ వీపు నిమురుతూ, "ఊపిరి వదులు. ముందు ఊపిరి వదులు," అంది.

టీ అయ్యేసరికి పెళ్ళి ఎప్పుడు, ఎక్కడ అన్నది కూతురే మాట్లాడుతోంది. కేకు తన బేకరీ నుంచేనని ఖాయం చేసింది.

సాయంత్రం ఎండ వాలుతుండగా కోడలూ మామగారూ మడి దగ్గర మిగిలారు. ఆమె మట్టిని చిన్న చిన్న దిబ్బలుగా చేసి, ఒక్కో దిబ్బ మీద ఒక్కో దుంప కూర్చోబెట్టి, వేళ్ళున్న వైపు మాత్రం మట్టి కప్పుతోంది. ఐరిస్‌ని లోతుగా పాతితే కుళ్ళిపోతుంది. వీపు ఎండకి కనబడాలి. మడి నిండా కణుపులు పైకి తేలి, భూమిలోంచి ఎవరో చేతులు పైకి చాపుతూ ఉన్నట్టుంది.

ఆమె ఇక ఉండబట్టలేకపోయింది. "మామయ్యా, ఒక మాట చెప్తాను, కోపగించుకోకండి. పొద్దున్నుంచీ వచ్చిన వాసన అత్తయ్యది కాదు. ఈ దుంపలది."

"తెలుసు," అన్నాడాయన తలెత్తకుండా.

"తెలుసా?"

"ఆ పౌడరు మీ అత్తయ్య ఏ షాపులోనూ కొనలేదమ్మా. లొట్టపోయిన దుంపలు ఏళ్ళకేళ్ళు ఎండబెట్టి, దంచి, డబ్బాలో పోసుకునేది. రోలు దగ్గర కూర్చుని దంచిపెట్టింది నేనే. పిల్లలకి తెలియదు. పొద్దున మెట్ల మీద వాసన తగలగానే నువ్వు సంచీ విప్పావని తెలిసిపోయింది."

"మరి అదంతా?"

"మీ వదినని నేను ఒప్పించగలనా. వాళ్ళమ్మే ఒప్పించాలి. ఆ గొంతు నీకు ఎలాగూ ఉంది. నువ్వు వద్దనవని నా నమ్మకం." ఆయన కొంచెం సిగ్గుపడుతూ ఇంకో దుంప అందించాడు. "కానీ చివర్లో ఉంగరం సంగతి చెప్పావు చూడు, అది నా ఊహకి కూడా అందలేదు. అది దాంట్లో ఉందని నీకెలా తెలుసు?"

కోడలి చెయ్యి మట్టిలో ఆగిపోయింది.

"నేను తుమ్ముతున్నాను మామయ్యా. ఆ మాట మీరన్నారనుకున్నాను. నా వెనక నిలబడింది మీరేగా."

"నేనా?"

"వదినని పిచ్చిక అని పిలిచేవారని నాకసలు తెలియదు."

"వాళ్ళమ్మ ఒక్కతే పిలిచేది," అన్నాడాయన. "చిన్నప్పుడు."

ఇద్దరూ మిగిలిన దుంపలు గబగబా నాటేశారు. నీళ్ళు కొంచెం ఎక్కువే పోశారు. లోపలికి వెళ్ళేటప్పుడు మామగారు తలుపు తీసి పట్టుకుని, కోడలు లోపలికి వెళ్ళాక కూడా ఇంకాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

పెళ్ళి వాయిదా వేద్దామన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పెద్దావిడ చేత రెండోసారి చెప్పించుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.